చీరమేను పేపరులో ఒక ఖాళీ గడి

నా ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నా పేరు మీద అచ్చయిన పరిశోధన పేపర్లు పంతొమ్మిది. వాటిలో పద్దెనిమిదింటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అంకెలు సరిగ్గా ఉన్నాయి, బొమ్మలు శుభ్రంగా ఉన్నాయి, ఎవరికి కావాలో వాళ్లు చదివారు. మొదటిదాని గురించి మాత్రం చెప్పాలి. దాన్ని పత్రికకు పంపడానికి సిద్ధం చేసిన కొద్ది నెలల్లో నేర్చుకున్నదానితోనే మిగతా ఉద్యోగమంతా చేశాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు, పేపరు ఎలా రాయాలండీ అని అడుగుతుంటారు. పేజీలెన్ని, అంచు ఎంత వదలాలి, బొమ్మలు ఏ సైజులో ఉండాలి అన్నవి పత్రిక అట్ట వెనకాల వాళ్లే అచ్చు వేస్తారు. చదువుకుంటే సరిపోతుంది. అక్కడ అచ్చు వెయ్యనిదొకటి ఉంది. అది నేను తప్పు చేసి తెలుసుకున్నాను. దాని కోసమే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు.

షావుకారు గారి అమ్మాయికి చేపలేంటి

మాది పెనుగొండ. నాన్నగారికి బజారులో కిరాణా కొట్టు. ఉల్లిపాయ కూడా రోజు చూసుకుని తినే ఇల్లు మాది. అలాంటి ఇంట్లోంచి జంతుశాస్త్రం చదువుకుని, డెబ్బైల చివర్లో రాజమండ్రిలో చేపల మీద పరిశోధన చేసే ఒక చిన్న యూనిట్లో చేరాను. యూనిట్ అంటే అద్దె మేడ మీద మూడు గదులు, రెండు మైక్రోస్కోపులు, ఫార్మలిన్ వాసన. అంతే.

కొట్టుకొచ్చినవాళ్లు నాన్నగారిని అడిగేవారట, "మీ అమ్మాయి చేపల ఆఫీసులో చేస్తోందటగా?" అని. నాన్నగారు తూకం మీంచి కళ్లు తిప్పకుండానే, "పరిశోధనండీ. తినడానికి కాదు, చూడడానికి" అనేవారు. అమ్మ మాత్రం పెరట్లో గోలెం దగ్గర నాకంటూ వేరే చెంబు పెట్టింది. తల మీంచి నీళ్లు పోసుకుంటే గానీ లోపలికి రానిచ్చేది కాదు. ఇద్దరూ ఉద్యోగం మానెయ్యమని మాత్రం ఎప్పుడూ అనలేదు. అది చాలా పెద్ద సంగతని నాకు తర్వాత తెలిసింది.

యూనిట్ పెద్ద జగన్నాథం గారు. యాభై దాటినవారు. కొవ్వూరు నుంచి రోజూ బ్రిడ్జి మీదుగా బస్సులో వచ్చేవారు. చేతిలో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిలు. చేరిన నెలలోపే నన్ను పిలిచి, "చీరమేను తెలుసా?" అన్నారు.

"పేరు విన్నానండి."

"గోదావరి జిల్లాల్లో అందరూ పేరు విన్నారు, తిన్నారు. అదేంటో మాత్రం ఎవరికీ తెలీదు. నువ్వు తినవు గనక నీకు రుచి అడ్డం రాదు. అదేంటో కనుక్కో."

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. దీపావళి రోజుల్లో తూర్పు గాలి తిరిగాక, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, గోరంత కూడా లేని సన్నటి చేపపిల్లలు గుంపులుగా నీటి పైకి వస్తాయి. మామూలు వలలో నిలవవు. పాత చీరలు, పల్చటి గుడ్డలు వలలా పట్టుకుని తోడతారు. గ్లాసులతోనూ తవ్వలతోనూ కొలిచి అమ్ముతారు. కొద్ది వారాలే దొరుకుతాయి. అది ఒకే రకం చేప పిల్లలా, పలు రకాల కలగలుపా? రోజులు గడిచేకొద్దీ ఆ కలగలుపు మారుతుందా? నాకు ఇచ్చిన పని అదీ.

బంగారమ్మ

రెండు సీజన్లు నేను పెనుగొండలో మా ఇంట్లోనే ఉండి, మూడు రోజులకోసారి మార్టేరు, పాలకొల్లు మీదుగా నరసాపురం వెళ్లి, అక్కడ నుంచి ఏటి గట్టు వెంట చేపలు పట్టేవాళ్ల పేటకు నడిచేదాన్ని. మొదటి సీజన్లో మొదటి రోజు అక్కడ నన్ను ఎవరూ పట్టించుకోలేదు. పడవలు గట్టుకు రాగానే ఆడవాళ్లు తట్టలు పట్టుకుని ఎగబడ్డారు. నేను సీసా పట్టుకుని పక్కన నిలబడ్డాను. నలభై ఐదేళ్లుంటాయేమో, పొడుగ్గా ఉన్న ఒకావిడ నా వైపు చూసింది.

"ఏంటండీ అమ్మాయిగారూ, సీసాలో పోయించుకుంటారా? కూరకు సరిపోదండి."

"కూరకు కాదు. చూడడానికి."

"చూడ్డానికైతే ఇక్కడే చూడొచ్చు కదండీ," అని నవ్వి, తన తట్టలోంచి ఒక గ్లాసుడు నా సీసాలో పోసింది. ఆవిడే బంగారమ్మ. ఆ రోజు నుంచి ప్రతిసారీ మొదటి పడవ చీరమేనులోంచి ఒక గ్లాసు నాకు పక్కన పెట్టేది. పోయినేడాది ఇదే తిథికి ఎలా ఉందో, గాలి ఎటు తిరిగితే ఏం జరుగుతుందో అడక్కుండానే చెప్పేది. మూడో వారంలో అంది, "ముందొచ్చేదీ ఇప్పుడొచ్చేదీ ఒకటి కాదండి. ముందొచ్చింది కన్ను నలుపు. ఇది పొట్ట తెలుపు. కూరలో ఉడికే తీరు కూడా వేరండి."

నేను ఆ మాట నోటుపుస్తకంలో రాసుకున్నానే గానీ పెద్దగా నమ్మలేదు. రాజమండ్రి వెళ్లి మైక్రోస్కోపు కింద ఒక్కో పిల్లనూ వేరు చేసి లెక్కపెడితే ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. కనీసం నాలుగు రకాల పిల్లలున్నాయి. ముందు వారాల్లో ఒక రకం ఎక్కువ, తర్వాత ఇంకో రకం ఎక్కువ. ఆవిడ కంటితో చూసి చెప్పినదాన్ని నేను రెండేళ్లు లెక్కపెట్టి చెప్పాను. నా పేపరు సారాంశం అంతే.

రెండో సీజన్లో బంగారమ్మ తమ్ముడు పోయాడు. మొగ దగ్గర గాలికి పడవ తిరగబడింది. పడవలో ఉన్న ఇద్దరూ పోయారు. నేను తర్వాతిసారి వెళ్లినప్పుడు ఆవిడ గట్టు మీద లేదు. పక్కింటావిడ నా సీసా నింపి విషయం చెప్పింది. కర్మలు అయ్యాక బంగారమ్మను చూసి, నాకు చేతనైన నాలుగు మాటలు అన్నాను. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో ముందు ముందు చెబుతాను.

చూశావా, అనుకున్నావా

ఆ రోజుల్లో ఒక రాతప్రతి తయారుచెయ్యడమంటే ఒళ్లు హూనమయ్యే పని. మా యూనిట్లో పుస్తకాలు లేవు. ఎవరో ఎప్పుడో రాసిన పేపరు చూడాలంటే వాల్తేరు యూనివర్సిటీ లైబ్రరీకి రైలెక్కాలి, లేదా రాసినవారికే ఉత్తరం రాసి కాపీ పంపమని బతిమాలాలి. చేప బొమ్మలు నేనే వేసేదాన్ని. మైక్రోస్కోపులో చూస్తూ పెన్సిలుతో గీసి, దాని మీద ఇండియన్ ఇంకుతో చుక్కలు. ఒక్కో పిల్లకు వెయ్యి చుక్కలు. చెయ్యి వణికితే బ్లేడుతో గీకి మళ్లీ మొదలుపెట్టాలి. మెయిన్ రోడ్డులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే ప్రకాశం గారు మా పేపర్లన్నీ టైపు చేసేవారు. ఒక అసలు, రెండు కార్బన్ కాపీలు. దిద్దుబాటు కనపడితే పత్రికవాళ్లు చిన్నచూపు చూస్తారని, తప్పు దొర్లితే పేజీ అంతా మళ్లీ కొట్టేవారు.

కానీ అసలు కష్టం జగన్నాథం గారి ఎర్ర పెన్సిలు. నేను రాసి ఇచ్చిన మొదటి చిత్తుప్రతి తిరిగి వచ్చినప్పుడు, ప్రతి వాక్యం పక్కనా 'చూ' అనో 'అ' అనో ఒక అక్షరం ఉంది. ఏంటండీ ఇవి అన్నాను.

"చూ అంటే చూశావు. అ అంటే అనుకున్నావు. చూసినవన్నీ ఒక చోట పెట్టు. అనుకున్నవన్నీ ఇంకో చోట పెట్టు. రెండూ కలిపి వండకు."

పన్నెండు పేజీల్లో ఏడు పేజీలు 'అ'. మళ్లీ రాశాను. ఆరుసార్లు రాశాను. ఆరోసారి 'బాగుంది' అని కాకుండా 'సరే' అన్నారు. ఆయన దగ్గర సరే కంటే పెద్ద మాట లేదు.

ఒకసారి మాత్రం మెచ్చుకున్నారు. రెండు సీజన్లలోనూ, తర్వాతి వారాల్లో వచ్చే ఆ రెండో రకం పిల్లల సంఖ్య ఎలా పెరిగిందో చూపిస్తూ గీసిన గ్రాఫు తీసుకెళ్లి చూపించాను. రెండు గీతలూ అమావాస్య దాటగానే ఒకే తీరుగా పైకి లేచాయి. ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు.

"గీత భలే వచ్చిందే! అమావాస్యకీ దీనికీ సంబంధం ఉందన్నమాట. ఇది రాయాల్సిన సంగతి. దీన్ని సారాంశంలో పైకి తీసుకురా."

అప్పటికే ఆయన ఒక పత్రిక ఎడిటరుకు ఉత్తరం రాసేశారు. ఏటిమొగల చేపల మీద వాళ్లొక ప్రత్యేక సంచిక వేస్తున్నారు. నెలాఖరుకు మా పేపరు చేరుతుందని మాట ఇచ్చారు. ఆయన ఆ ఏడు రిటైరవుతున్నారు. అది ఆయన చివరి పేపరు. పైకి అనలేదు గానీ, ఆ సంచికలో తన పేరు చూసుకోవాలని ఆయనకెంత ఉందో మాకు తెలుసు.

ఆ మెప్పు వచ్చిన గీతలో ఒక చుక్క నాది.

ఆ చుక్క

రెండో సీజన్లో ఒక రోజు నేను పేటకు వెళ్లలేదు. పొద్దున్నే వాన. పాలకొల్లు బస్టాండులో రెండు గంటలు నిలబడ్డాను. నరసాపురం బస్సులు కదల్లేదు. తిరిగి ఇంటికి వచ్చేశాను. నోటుపుస్తకంలో నిజాయితీగానే రాసుకున్నాను: వాన, బస్సు లేదు, వెళ్లలేదు.

నాలుగు నెలల తర్వాత రాజమండ్రిలో కూర్చుని పట్టిక తయారుచేస్తుంటే, ముప్పై నాలుగు గడుల్లో ఆ ఒక్కటే ఖాళీ. గ్రాఫులో గీత అక్కడ తెగిపోతోంది. నోట్లో ఒక పన్ను ఊడినట్టు ఉంది. అంతకు ముందుసారి వెళ్లినప్పటిదీ తర్వాతిసారి వెళ్లినప్పటిదీ కూడి సగం చేశాను. ఎలాగూ ఇంచుమించు అంతే ఉండేది కదా అనుకున్నాను. వచ్చిన అంకె మరీ గుండ్రంగా ఉందని, అసలుదానిలా కనపడడానికి దానికి మూడు కలిపాను.

ఆ మూడు కలపడం గురించే ఎక్కువ చెప్పాలి. సగటు వెయ్యడం తెలివితక్కువతనం అనుకోవచ్చు. మూడు కలిపినప్పుడు మాత్రం నేనేం చేస్తున్నానో నాకు పూర్తిగా తెలుసు. ఎదుటివాడు నమ్మాలని కలిపాను. గీత చక్కగా లేచింది. జగన్నాథం గారు మెచ్చుకున్నారు. మెచ్చుకున్నాక ఇక చెప్పడానికి నోరు రాలేదు. వారం గడిచాక ఆ అంకె నాకే అసలుదిలా అనిపించడం మొదలైంది.

ఇది చదువుతున్న కొత్తవాళ్లకు ఒక మాట. దొంగ అంకె పుట్టే చోటు సాధారణంగా ఇలాగే ఉంటుంది. ఎవరూ కుట్ర పన్నరు. ఒక ఖాళీ గడి కనపడుతుంది, దాన్ని చూస్తే చికాకు పుడుతుంది. అంతే.

ఏ రోజు ఎంతొచ్చిందో చదవండి, ఇందాం

జగన్నాథం గారికి ఒక నియమం ఉండేది. స్థానికులు చెప్పిన పేర్లు, తిథులు, ఆటుపోట్ల సంగతులు ఏవి పేపర్లో రాసినా, పంపేముందు చెప్పినవాళ్ల దగ్గరికి వెళ్లి చదివి వినిపించాలి. నేను చూసిన ఆఫీసర్లలో ఈ నియమం పెట్టుకున్నవారు ఆయన తప్ప ఇంకొకరు లేరు. టైపు అయిపోయింది, బొమ్మలు అట్టకు అంటించాం, ఇక కవరులో పెట్టడమే. నన్ను నరసాపురం పంపారు.

బంగారమ్మ ఇంటి ముందు చాప వేసి కూర్చోబెట్టింది. నేను కాగితాలు తీసి, నువ్వు చెప్పిన పేర్లు ఇవీ, ఇలా రాశాం అని ఒక్కొక్కటే చదివాను. రెండు చోట్ల దిద్దింది. అయిపోయాక నేను లేవబోతుంటే, పట్టిక వైపు చూపించి, "ఈ గళ్లేంటండీ?" అంది.

"ఏ రోజు నీ గ్లాసులో ఏ రకం ఎన్ని ఉన్నాయో రాశాను."

"అలాగా! చదవండి, ఇందాం."

తేదీలు చెబితే ఆవిడకు అందదని, తిథులు చెబుతూ చదివాను. ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది. "ఆ, ఆ రోజు మా ఆడపడుచోళ్ల పడవ ముందొచ్చిందండి." "ఆ రోజు గాలి తిరిగిందండి, అందుకే తక్కువ." ఒక్కో రోజునూ గుర్తుపట్టింది. రెండేళ్ల నా నోటుపుస్తకం ఆవిడ తలలో నాకంటే శుభ్రంగా ఉంది. నాకు ఉత్సాహం వచ్చింది. రెండో సీజన్ మొదలుపెట్టి, అదే ఊపులో చదువుకుంటూ పోయాను. అమావాస్య వెళ్లిన రెండో రోజు అని, దాని పక్కనున్న అంకె చదివాను.

బంగారమ్మ కళ్లు తెరిచింది.

"ఏ రోజండీ?"

మళ్లీ చెప్పాను.

"ఆ రోజు ఎవరూ వల ఎయ్యలేదండి."

"వానకా?"

"మా తమ్ముడోళ్లు పోయిన రోజండి అది. తెల్లారే ఆళ్ల పడవ ముందెళ్లింది. ఎనకాల ఎల్లాల్సినోళ్లందరూ ఆళ్లని ఎతకడానికెళ్లారండి. పేటలో పొయ్యి కూడా ఎలిగించలేదు." కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "మరి మీకు చీరమేను ఎవరిచ్చారండీ?"

ఆవిడ తమ్ముడు పోయాడని నాకు తెలుసు. ఆ వారమే పోయాడనీ తెలుసు. పట్టిక ముందు కూర్చున్నప్పుడు ఆ రెండూ కలపలేదు. నాకు ఆ రోజు ఒక గడిగా తప్ప కనపడలేదు.

"ఎవరూ ఇవ్వలేదు బంగారమ్మా. నేనే వేశాను."

ఆవిడకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, చాప మీద నుంచి లేచి, లోపలికి వెళ్లి, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది. "ఎండగా ఉందండి, తాగి ఎళ్లండి" అంది. తిడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

బస్సులో

నరసాపురం నుంచి రాజమండ్రి దాకా బస్సులో ఆలోచించాను. గొప్పగా ఏమీ ఆలోచించలేదు. చెప్పకుండా ఉండడానికి ఎన్ని కారణాలున్నాయో వెతికాను. చాలా దొరికాయి. బంగారమ్మ ఇంగ్లీషు పత్రిక చదవదు. ఎడిటరు ఎక్కడో బొంబాయిలో ఉన్నాడు. ముప్పై నాలుగులో ఒకటి. పైగా జగన్నాథం గారి చివరి పేపరు, నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులే ఉంది. చెబితే ఆయనకూ నష్టమే, నాకూ నష్టమే. లాభం ఎవరికి?

ఎదురు కారణం ఒక్కటే దొరికింది. చీరమేను సీజన్ మళ్లీ వస్తుంది. ఆ గట్టు మీదికి సీసా పట్టుకుని మళ్లీ వెళ్లాలి. ఆవిడ గ్లాసు నింపుతుంది. అప్పుడు నేను ఏ మొహంతో సీసా చాపాలి? ఇంత చిన్న కారణం మిగతా అన్నిటికంటే బరువుగా తూగింది. నీతి, సైన్స్ అన్న పెద్ద మాటలు ఆ బస్సులో నాకు తట్టలేదు. తట్టాయని ఇప్పుడు రాస్తే అది కూడా మూడు కలపడమే అవుతుంది.

ఇంకెన్ని

నేను వెళ్లేసరికి జగన్నాథం గారు కవరు మీద అడ్రసు రాస్తున్నారు. పక్కన జిగురు సీసా.

"సార్, కవరు అంటించకండి."

"ఏంటి, బంగారమ్మ పేర్లు మార్చమందా?"

"కాదండి. పట్టికలో ఒక అంకె నాది."

"నీది అంటే?"

"నేను పెట్టింది. ఆ రోజు నేను పేటకు వెళ్లలేదండి. ఆ రోజు అసలు అక్కడ వేట లేదు."

ఆయన పెన్నుకు మూత పెట్టారు. కేకలేస్తారని గోడకు ఆనుకుని నిలబడ్డాను. కేకలెయ్యలేదు.

"ఇంకెన్ని?"

"ఇంకేం లేవండి. అదొక్కటే."

"ఉన్నాయని నేననడం లేదమ్మా. లేవని నాకెలా తెలుస్తుంది?"

ఉద్యోగంలో నన్ను అంతకంటే గట్టిగా కొట్టిన మాట ఇంకొకటి లేదు. ఒక అంకె దొంగదైతే మిగతా ముప్పై మూడూ దొంగవి కావు. కానీ ఆ ముప్పై మూడింటికీ నా మాట తప్ప ఇంకే సాక్ష్యమూ లేదు. నేను చెరిపేసింది ఆ సాక్ష్యాన్ని.

ఆ రోజూ మర్నాడూ ఇద్దరం బల్లకు చెరో వైపు కూర్చున్నాం. నా నోటుపుస్తకాలు ఆయన చేతిలో, టైపు చేసిన పట్టిక నా చేతిలో. నేను చదవడం, ఆయన నోటుపుస్తకంలో వెతికి చూడడం. సీసాలు కూడా తెప్పించారు. అనుమానం వచ్చిన చోట పిల్లల్ని మళ్లీ లెక్కపెట్టించారు. ఇంకో రెండు తప్పులు దొరికాయి. ఒక చోట నలభై ఏడు డెబ్బై నాలుగైంది. ఒక చోట రెండు వరుసలు తారుమారయ్యాయి. అవి నిజమైన పొరపాట్లు, నేను ఎరగనివి. అవి దొరికినప్పుడు ఆయన మొహం కాస్త తేటపడింది. పొరపాట్లు దొరకడం చూసి పెద్దాయన సంతోషించడం అదే మొదటిసారి చూశాను. కల్పించిన లెక్కల్లో ఇలాంటి పొరపాట్లు దొర్లవు. నా నోటుపుస్తకం నిజమైనదేనని అవే చెప్పాయి.

రెండో రోజు మధ్యాహ్నం గ్రాఫు ముందు పెట్టుకున్నాం. ఆ చుక్క తీసేస్తే రెండో సీజన్ గీత ఆరు రోజుల మేర తెగిపోయింది. పెరుగుదల ఆ ఆరు రోజుల్లో ఎప్పుడు మొదలైందో చెప్పడానికి ఆధారం లేదు. అమావాస్య సంబంధం ఒక్క సీజన్ మీద నిలబడాలి. అంటే నిలబడదు. సారాంశంలో పైకి తెచ్చిన వాక్యం పోయింది.

"ఒక సీజన్లో ఇలా కనపడింది, ఇంకా చూడాలి అని రాయి," అన్నారు. కాసేపటికి మళ్లీ అన్నారు, "గీత భలే ఉందన్నది నేనే. అంత భలేగా ఉన్నప్పుడు అడగాల్సింది. అడగలేదు. ఎడిటరుకు ముందే మాట ఇచ్చాను కదా, అడగబుద్ధి కాలేదు."

ఆయన మంచి ఆఫీసరు. ఆయన లోపం కూడా ఆయనే చెప్పారు కనుక నేను రాయొచ్చు. డేటా చూడకముందే పేపరుకు తేదీ పెట్టేవారు. తేదీ పెట్టేసిన ఆఫీసరు కింద పనిచేసేవాళ్లకు ఖాళీ గడులు మరింత ఖాళీగా కనపడతాయి. మీరు రేపు ఆఫీసర్లయితే ఇది గుర్తుంచుకోండి.

ప్రకాశం గారు నాలుగు పేజీలు మళ్లీ టైపు చేశారు. ఆ గడిలో ఒక అడ్డగీత, దాని మీద నక్షత్రం గుర్తు. "ఇంత కష్టపడి మళ్లీ కొట్టించింది ఈ గీత కోసమా అమ్మా?" అన్నారు. అవునండీ అన్నాను. ప్రత్యేక సంచిక గడువు దాటిపోయింది. మామూలు సంచికకు పంపాం. జగన్నాథం గారు ఆ వేసవిలో రిటైరై వెళ్లిపోయారు.

నక్షత్రం కింద వాక్యం

నక్షత్రం గుర్తుకు పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం రాశాం. ఆ రోజు మొగ దగ్గర పడవ తిరగబడి ఇద్దరు మరణించారు, పేటలో ఎవరూ వేటకు వెళ్లలేదు, నమూనా సేకరించలేదు.

చాలా నెలలకు పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. పేపరు వేస్తామన్నారు. పత్రిక తరఫున మా పేపరు పరిశీలించినవారిలో ఒకరు, ఆ కింది వాక్యం శాస్త్రానికి అక్కర్లేదు, అడ్డగీత చాలు అని రాశారు. ఉంచాలో తియ్యాలో మీ ఇష్టమని ఎడిటరు మాకే వదిలేశాడు. నేను ఉత్తరం పట్టుకుని కొవ్వూరు వెళ్లాను. జగన్నాథం గారు అరుగు మీద దినపత్రిక చదువుతున్నారు. ఉత్తరం రెండుసార్లు చదివారు.

"తీసెయ్యకు. ఉత్త అడ్డగీత చూస్తే చదివేవాడు ఆ రోజు చీరమేను రాలేదనుకుంటాడు. వచ్చిందో రాలేదో మనకు తెలీదు. వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు, మిగతావాళ్లు వల వెయ్యలేదు. మనకు తెలిసింది అంతే. తెలిసినంత రాయాలి."

ఉంచాం.

మా పేపరు ఒక్కటే విడిగా అచ్చు వేసిన రీప్రింట్లు వచ్చాక ఒకటి తీసుకుని పేటకు వెళ్లాను. బంగారమ్మ గట్టు మీద చేపలు ఆరబెడుతోంది. అచ్చయిందండీ అని చెప్పాను. మధ్యలో ఎప్పుడు మొదలైందో తెలియదు, అప్పటికే ఆవిడను మీరు అనడం అలవాటైపోయింది. ఆవిడ చేతులు కడుక్కుని, చీర కొంగుకు తుడుచుకుని, తడి ఉందేమో అని మళ్లీ తుడుచుకుని, కాగితాలు అందుకుంది. బొమ్మలు చూసి నవ్వింది. "కన్ను నలుపు బాగా ఏశారండి" అంది. తర్వాత పట్టిక తీయమంది.

"ఆ రోజు ఏదండీ?"

వేలు పెట్టి చూపించాను. అడ్డగీత, నక్షత్రం. కిందనున్న వాక్యం ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను. చేపల మీద వాలుతున్న కాకిని కూడా తోలకుండా వింది.

"మా తమ్ముడి పేరుందా అందులో?"

"లేదండి. ఇలాంటి చోట పేర్లు వెయ్యరు."

"మీ పేరుందన్నారు కదండీ పైన."

ఉంది. పైన నాదీ, జగన్నాథం గారిదీ ఉన్నాయి. చివర్లో సాయం చేసినవాళ్లలో బంగారమ్మ పేరు కూడా ఉంది. నేను సంచిలోంచి పెన్ను తీశాను.

"చెప్పండి, రాస్తాను."

ఆవిడ ఇంటిపేర్లతో సహా ఇద్దరి పేర్లూ నెమ్మదిగా చెప్పింది. ఆ వాక్యం పక్కన అంచులో తెలుగులో రాశాను. చదివి వినిపించమంది. ముందు ఆవిడ తమ్ముడి పేరు, తర్వాత రెండో అతని పేరు చదివాను. తల అడ్డంగా ఊపింది.

"అలా కాదండి. మావాడు చిన్నోడు. పెద్దోడి పేరు ముందు రావాలండి. పడవ ఆయనదే."

రెండూ కొట్టేసి, వరస మార్చి మళ్లీ రాశాను.